కారులో నావిగేషన్ ఉండనీయండి, దాని గొంతు మాత్రం బంద్ చేయండి

"కొత్త కారు కొంటున్నాను. కంపెనీ బిగించి ఇచ్చే నావిగేషన్ కోసం పై మోడల్‌కు పోవాలా, ఫోన్‌లో మ్యాప్ చాలా? రోజూ బండి నడిపేవాళ్లు చెప్పండి" అని అడిగారు.

రోజూ నడిపేవాణ్ణే. హనుమకొండలో సొంత బండి, పసుపు నంబర్ ప్లేటు, కిరాయికి తిప్పుతాను. సుమోతో మొదలుపెట్టాను, ఇప్పటిది నాలుగో బండి. ఇది సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నా. మొదటి ఓనరు టాప్ మోడల్ కొన్నాడు కాబట్టి నావిగేషన్ దాంతోపాటే వచ్చింది, దానికని నేను విడిగా పైసా పెట్టలేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నా, తర్వాత కామెంట్లలో తిట్టకుండా.

నా మాట ఇదీ. బడ్జెట్ ఉంటే తీసుకోండి, కానీ బండి ఇంటికొచ్చిన రోజే దాని గొంతు ఆపేయండి. మ్యాప్ తప్పు చూపిస్తే అది నాకూ దానికీ మధ్య ఉండే సంగతి, నేను చూసుకుంటాను. గొంతు తప్పు చెబితే బండిలో ఉన్న అందరూ వింటారు, అందరూ నమ్ముతారు, చివరికి మాట పడేది డ్రైవరు.

ముందు దాని మంచి చెబుతాను. హైదరాబాద్‌లో ఉండేవాళ్లు "ఫోన్ ఉండగా అదెందుకు, దండగ" అంటారు. వాళ్లను ఒకసారి పస్రా దాటించి తాడ్వాయి, ఏటూరునాగారం అడవిలోకి తీసుకెళ్లాలి. టవర్ గీతలు ఒక్కొక్కటే పడిపోతాయి. ఫోన్‌లో మ్యాప్ ముందే దించి పెట్టుకోకపోతే నీలం చుక్క ఒక్కటే మిగులుతుంది, చుట్టూ తెల్లటి ఖాళీ. బండిలో ఉన్నదానికి ఆ బాధ లేదు, మ్యాప్ మొత్తం దాని కడుపులోనే ఉంటుంది. మనం ఎక్కడున్నామో చెప్పేది ఇంటర్నెట్ కాదు, దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాలు. వాటిలో కనీసం నాలుగింటి సిగ్నల్ అందితే చాలు. డేటా బ్యాలెన్స్ అయిపోతే జీపీఎస్ ఆగిపోతుందనుకునే చదువుకున్నవాళ్లను కూడా నా బండిలో చాలామందిని చూశాను.

ఎండ సంగతి ఇంకొకటి. మే నెలలో మధ్యాహ్నం పూట రామగుండం కిరాయికి వెళ్లండి. అద్దం దగ్గర హోల్డర్‌లో పెట్టిన ఫోన్ గోదావరిఖని చేరేలోపే వేడెక్కిందని చెప్పి స్క్రీన్ ఆపేస్తుంది. దాన్ని తీసి ఏసీ ముందు పెట్టి, చల్లారాక మళ్లీ పెట్టాలి, ఈలోపు తిరగాల్సిన మలుపు పోతుంది. కారు స్క్రీన్‌తో నాకు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ ఇబ్బంది రాలేదు.

ఇక చెడు. మ్యాప్ పాతది. నా బండి మ్యాప్‌లో మేడారం ఇంకా వరంగల్ జిల్లాలోనే ఉంది. 2016లో అది భూపాలపల్లి జిల్లాలోకి పోయింది, 2019 నుంచి ములుగు జిల్లా. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లా అయింది, రూరల్ పోయి వరంగల్ జిల్లా అయింది. ఇవేవీ దానికి తెలియవు. అప్‌డేట్ చేయమని అడిగితే సర్వీస్ సెంటర్‌లో చెప్పిన రేటుకు రెండు కొత్త టైర్లు వస్తాయి. టైర్లే వేయించాను.

పేర్లతో ఇంకో తిప్పలు. మేడారం అని కొడితే రెండు వస్తాయి, ఒకటి సమ్మక్క సారలమ్మల మేడారం, ఇంకొకటి పెద్దపల్లి జిల్లా ధర్మారం మండలంలోని నంది మేడారం. ఘన్‌పూర్ అన్నా అంతే. స్టేషన్ ఘన్‌పూర్ హైదరాబాద్ దారిలో ఉంటే, ములుగు ఘన్‌పూర్ ఇంకో దిక్కున ఉంది. పెళ్లిళ్ల సీజన్‌లో అయితే చెప్పనక్కర్లేదు. ఫంక్షన్ హాలు హనుమకొండలో, పట్నం చుట్టాలు పెట్టుకునేది వరంగల్ అని. తలంబ్రాల టైముకు వాళ్లు వరంగల్ స్టేషన్ ముందు నిలబడి ఫోన్ చేస్తుంటారు.

ఇప్పుడు గొంతు దగ్గరికి వస్తాను. అసలు ఇది చెప్పడానికే మీ ప్రశ్న పట్టుకున్నా.

2024 ఫిబ్రవరి, మేడారం జాతర. 21 నుంచి 24 వరకు, అంటే బుధవారం నుంచి శనివారం. శుక్రవారం కిరాయి దొరికింది. హైదరాబాద్ నుంచి వచ్చిన కుటుంబం, సారు, మేడం, ఇంటర్ చదివే బాబు, సారు వాళ్ల అమ్మ. పెద్దమ్మది పరకాల దిక్కు ఊరే, కొడుకు దగ్గర ఉంటుంది. మనవడికి జబ్బు తగ్గితే నిలువెత్తు బంగారం ఇస్తానని మొక్కుకుంది. తెలియనివాళ్లకు చెబుతున్నా, మేడారంలో బంగారం అంటే బెల్లం. మనవడు యాభై కిలోల పైనే తూగాడు. పది కిలోల బెల్లం దిమ్మెలు ఐదు, పైన చిల్లర ముక్కలు డిక్కీలో వేసుకుని తెల్లవారుజామున బయలుదేరాం.

పోయేటప్పుడు ఇబ్బంది లేదు. జాతరకు సొంత బండ్లన్నీ పస్రా నుంచి నార్లాపూర్ మీదుగా లోపలికి పంపిస్తారు, తాడ్వాయి దారి ఆర్టీసీ బస్సులకు వదిలేస్తారు. పార్కింగ్ నుంచి తల్లుల గద్దెల దాకా, అంటే మొక్కులు చెల్లించే చోటి దాకా, చాలా నడక. సారు డిక్కీ తెరిచి ఒక్క దిమ్మె భుజం మీద పెట్టుకుని నా చెవిలో "అన్నా, మిగతావి ఉండనీ, అమ్మకు చెప్పకు" అన్నాడు. నాకెందుకు అనుకుని డిక్కీ మూశాను. వాళ్లు దర్శనం చేసుకుని చీకటి పడ్డాక వచ్చారు. పెద్దమ్మ మొహం వెలిగిపోతోంది. మిగతా దిమ్మెలను వాలంటీర్లు మోసుకొచ్చారని కొడుకు చెప్పాడట.

తిరుగు ప్రయాణంలో సొంత బండ్లను వచ్చిన దారిన పోనీయరు. నార్లాపూర్ నుంచి బయ్యక్కపేట, భూపాలపల్లి, పరకాల, గూడెప్పాడ్ మీదుగా పంపిస్తారు. అంతా వన్‌వే. పోలీసు లాఠీ చూపించిన వైపు బండి తిప్పాను. ముందు బండి బంపర్‌కు మన బంపర్, అడవి, దుమ్ము, ఎర్ర లైట్ల వరుస. లక్షల మంది ఒక్కచోట చేరడంతో ఫోన్లు ఎప్పుడో చేతులెత్తేశాయి. బాబుకు ఏమీ తోచక ముందు సీట్లోకి వచ్చి, కారు నావిగేషన్‌లో హనుమకొండ పెట్టి, సౌండ్ పెంచాడు.

బయ్యక్కపేట దారి ఎక్కామో లేదో నావిగేషన్‌లో మాట్లాడే ఆమె అందుకుంది. "మేక్ ఎ యూ-టర్న్ వెన్ పాసిబుల్."

ఎవరూ పట్టించుకోలేదు. రెండు నిమిషాలకు మళ్లీ అదే మాట.

"ఎవలు బిడ్డా ఆమె? ఏమంటాంది?" అని అడిగింది పెద్దమ్మ.

"వెనక్కి తిరగమంటోంది నానమ్మా" అన్నాడు బాబు నవ్వుతూ.

పెద్దమ్మ నవ్వలేదు. మూడోసారి వినిపించేసరికి ముందుకు వంగి నా సీటు పట్టుకుంది. "మూడు మాట్లు అన్నది. తల్లి ఉత్తగ అంటదా? ఏదో తక్కువైంది." తర్వాత కొడుకు వైపు తిరిగి, "ఏంరా, బంగారం మొత్తం ఇచ్చినవా, లేదా?"

"ఇచ్చినమమ్మా. అది మెషీన్, దానికేం తెలుసు?"

నేను నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటూ చెయ్యి చాచి వాల్యూమ్ తగ్గించబోయాను. "ఆగు బిడ్డా! తల్లి మాట్లాడుతాంటే నోరు మూస్తవా?" అంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇరవై ఏళ్ల దగ్గర పడుతున్న సర్వీసులో ఏ పోలీసు మాటకూ అంత త్వరగా చెయ్యి తీయలేదు.

అప్పుడొచ్చింది గుంత. బండి ఎగిరి పడింది, డిక్కీలో దడేల్‌మని చప్పుడు. మళ్లీ గుంత, మళ్లీ చప్పుడు. నాలుగు దిమ్మెలు అటూ ఇటూ దొర్లుతున్నాయి.

"డిక్కీల గదేంది?"

బండిలో ఎవరికీ మాట లేదు. మాట్లాడింది ఆమె ఒక్కతే, "మేక్ ఎ యూ-టర్న్" అని.

సారు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నా ఏం లాభం, వెనక్కి తిప్పే జాగా లేదు, తిప్పినా పోలీసులు పోనివ్వరు. భూపాలపల్లి దాకా నాలుగు గంటలు పట్టింది. ఆ నాలుగు గంటలూ ముందు నుంచి యూ-టర్న్, వెనక నుంచి దిమ్మెల చప్పుడు, మధ్యలో పెద్దమ్మ తిట్లు. మేడం ఎప్పుడో నిద్ర నటించడం మొదలుపెట్టింది. మెయిన్ రోడ్డు ఎక్కగానే స్క్రీన్ మీద బాణం గీత మీదికి గెంతింది, ఆమె గొంతు టక్కున ఆగిపోయింది. పెద్దమ్మ రెండు చేతులు జోడించి "సల్లవడ్డది తల్లి" అంది.

అసలు కారణం నెల తర్వాత తెలిసింది. మా మేనల్లుడు సెట్టింగ్‌లు తిప్పి చూస్తే "మట్టిరోడ్లు వద్దు" అనే చోట టిక్ ఉంది. పాత మ్యాప్‌లో ఆ అడవి రోడ్డు మట్టిరోడ్డుగానే రాసి ఉంది. బండి దాని మీద పోతున్నంతసేపూ, వెనక్కి తిప్పి తాడ్వాయి మీదుగా తారురోడ్డుకు తీసుకుపోవాలని ఆమె పట్టుబట్టింది. జాతర బందోబస్తు సంగతి, వన్‌వే సంగతి ఆమెకెలా తెలుస్తాయి?

వానలకూ ఇదే కథ. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది, పక్కన భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి ఊరే మునిగింది. ఎన్ని కల్వర్టులు కొట్టుకుపోయినా నా కారు స్క్రీన్ మీద దారులన్నీ చక్కగా గీతలు గీసినట్టే ఉన్నాయి. మా దిక్కు వాగు రోడ్డెక్కితే ఎదురొచ్చే ఆటోవాణ్ణి ఆపి అడగడమే పద్ధతి. ఇంకా గుంజితే ట్రాక్టర్ ఎంతవరకు మునిగిందో చూడటం.

గొంతు ఆపమంటే కొందరు "స్క్రీన్ చూస్తూ నడపడం ప్రమాదం కదా" అంటారు. నిజమే, నడుపుతూ చూడొద్దు. బయలుదేరే ముందు రెండు నిమిషాలు బండి ఆపి దారంతా ఒకసారి చూసుకోండి, ఎక్కడెక్కడ తిరగాలో మనసులో పెట్టుకోండి. ఫోనే వాడతానంటే హోల్డర్‌లో పెట్టి వాడండి. 2020 అక్టోబర్ నుంచి డ్రైవరు ఫోన్ వాడటానికి రూల్ ఒప్పుకున్న పని దారి చూసుకోవడం ఒక్కటే, అదీ ధ్యాస చెదరకుండా. వెనక సీట్లో కూర్చుని ఫోన్ పట్టుకుని "అన్నా, నా మ్యాప్ లెఫ్ట్ అంటోంది" అనేవాళ్లకు ఏ రూలూ లేదు, అదే నా బాధ. గూగుల్ మ్యాప్ 2018 నుంచి తెలుగులో కూడా దారి చెబుతోంది కాబట్టి ఇప్పుడు వెనక సీట్లో అందరికీ అర్థమవుతోంది కూడా. బండిలో ఒక్క మ్యాపే ఉండాలి, అది అందరికీ కనిపించే పెద్ద స్క్రీన్ అయితే ఇంకా మంచిది. పై మోడల్ తీసుకోండి అనడానికి నాకున్న అసలు కారణం ఇదే. మీరు కిరాయికి తిప్పరు కాబట్టి మీకు ఇది వర్తించకపోవచ్చు, మీ ఇష్టం.

జాతర అయిన తర్వాతి బుధవారం తిరుగువారం, అంటే జాతర ముగింపు పూజ. దానికి రెండు రోజుల ముందు సారు ఫోన్ చేశాడు. "అన్నా, అమ్మ మళ్లీ పోదామంటోంది. వేరే బండి వద్దంట, ఆ మాట్లాడే బండే కావాలంట." నాలుగు దిమ్మెలకు ఇంకొకటి కలిపి తెచ్చారు, ఆలస్యానికి వడ్డీ అట. అప్పటికే గొంతు ఆపేసి ఉన్నాను, పెద్దమ్మ కోసం మళ్లీ ఆన్ చేశాను. రష్ లేదు, వన్‌వే లేదు, తాడ్వాయి మీదుగా తారురోడ్డు మీదే పోయాం. దారంతా ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరగమనలేదు. "సూడు, ఇయ్యాల ఏం అంటలేదు" అని కొడుకు భుజం తట్టింది పెద్దమ్మ.

వచ్చేటప్పుడు ప్రసాదం బెల్లం ముక్క ఒకటి నాకిచ్చి, ఇంకొకటి స్క్రీన్ కింద పెట్టింది. తీయడానికి నాకు మనసొప్పలేదు. మార్చి ఎండకు అది కరిగి బటన్ల సందులోకి దిగింది. ఇప్పటికీ ఏసీ బటన్ నొక్కితే లోపలికి పోయి అక్కడే అతుక్కుంటుంది, గోరుతో పైకి లాగాలి.