పాపని గోల్ఫ్‌లో పెడుతున్న మేనకోడలికి

చి. సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో "పాప ఆ గోల్ఫ్ ఆడే అదితీ అశోక్‌లా అవ్వాలంటే ఏ కోచ్ దగ్గర చేర్పించాలి మామయ్యా" అని అడిగావు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను. కోచ్ మాట తర్వాత చూద్దాం. ముందు నువ్వూ అల్లుడూ ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అన్నది తేలాలి. జూనియర్ పోటీల్లో స్కోర్‌కార్డులు తీసుకునే బల్ల దగ్గర కూర్చుని జుట్టు నెరిసినవాణ్ణి. పిల్లల ఆట కన్నా గట్టు మీద నిలబడ్డ తల్లిదండ్రుల ముఖాలే నాకు ఎక్కువ గుర్తు.

అదితి అనగానే అందరూ టోక్యో ఒలింపిక్స్ దగ్గర మొదలుపెడతారు. నువ్వు ఇంకా వెనక్కి వెళ్లు. ఆ అమ్మాయి 1998లో ఈ బెంగళూరులోనే పుట్టింది. ఇంట్లో అంతకుముందు గోల్ఫ్ ఆడినవాళ్లు లేరు. కుటుంబమంతా టిఫిన్‌కి వెళ్లే చోటి నుంచి పాత ఎయిర్‌పోర్టు రోడ్డులోని కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ కోర్సు కనబడేది. అక్కడ బంతులు కొడుతున్న జనాన్ని చూసి ఐదేళ్ల పిల్ల ముచ్చటపడింది, పెద్దవాళ్లు లోపలికి తీసుకెళ్లారు. అంతే మొదలు. పిల్లని ఛాంపియన్ చెయ్యాలని ఎవరూ పథకం వేసుకోలేదు. నువ్వేమో పాపకి పదకొండేళ్లు రాకముందే ఒలింపిక్స్ ఏ సంవత్సరంలో వస్తాయో లెక్కలు కడుతున్నావు. ముందు ఆ లెక్కలు ఆపు.

2016 రియో ఒలింపిక్స్‌లో ఆమె బ్యాగు మోసింది తండ్రి. 2021లో జరిగిన టోక్యో పోటీల్లో తల్లి. అమ్మానాన్నలు పక్కనే ఉండబట్టి బాగా ఆడిందని నువ్వు అనుకోవచ్చు. నాకు అందులో కనబడేది వేరు. క్యాడీ పని ఏమిటో ఆలోచించు. బ్యాగు మొయ్యాలి, క్లబ్బులు (బంతి కొట్టే కర్రలు) తుడవాలి, నీళ్లందించాలి, దూరం ఎంతో అడిగితే చెప్పాలి. షాట్ ఆడేది మాత్రం ఆటగాడే. షాట్ చెడితే మొహం మాడ్చుకునే హక్కు కూడా క్యాడీకి లేదు. అంత పెద్ద వేదిక మీద, కన్నబిడ్డ పక్కన, నాలుగు రోజులపాటు ఆ హద్దులో ఉండటం ఎంత కష్టమో తల్లివి, నీకు నేను చెప్పాలా?

పైగా ఇది మర్యాద సంగతే కాదు, రూలు కూడా. పోటీ నడుస్తుండగా ఆటగాడు సలహా అడగాల్సింది తన క్యాడీనే. తాడు అవతల నిలబడ్డ నాన్నని "ఏ క్లబ్ తీసుకోను" అని అడిగితే రెండు స్ట్రోకుల (దెబ్బల) పెనాల్టీ. నోటితో అడక్కుండా కళ్లతో అడిగే పిల్లలూ, వేళ్లతో జవాబిచ్చే తండ్రులూ ఉంటారు. ఆ పిల్లలు పద్నాలుగేళ్లకి కూడా సొంతంగా క్లబ్ ఎంచుకోలేరు. చాలా జూనియర్ పోటీల్లో తల్లిదండ్రుల్ని క్యాడీలుగా రానివ్వరు, దూరంగా ఉంచుతారు. మంచిదే అంటాను నేను.

కారులో తిరుగు ప్రయాణం ఇంకా ముఖ్యం. ఆట చెడిన రోజున పిల్ల బెల్టు పెట్టుకునేలోపే "పన్నెండో హోల్లో ఆ నీళ్ల మీంచి ఎందుకు కొట్టావ్" అని మొదలెట్టకు. మారతహళ్లి వంతెన దాటేదాకా ట్రాఫిక్ ఎలాగూ ఉంటుంది, ఆ గంటా పిల్లకి నరకం అవుతుంది. ఆకలేస్తోందా అని అడుగు. ఆట గురించి తనంతట తను నోరు తెరిస్తే విను. తెరవకపోతే వదిలెయ్.

స్కోరు చూసి పిల్లని తూచకు అని ఎందుకు అంటున్నానో అదితి కార్డులే చెబుతాయి. గోల్ఫ్‌లో ఎన్ని తక్కువ స్ట్రోకుల్లో ముగిస్తే అంత మేలని గుర్తుపెట్టుకుని చదువు. రియోలో పద్దెనిమిదేళ్ల వయసులో మొదటి రెండు రోజులూ 68, 68 కొట్టింది. దేశమంతా లేచి కూర్చుంది. తర్వాతి రెండు రోజులు 79, 76. చివరికి 41వ స్థానం. టోక్యోలో 67, 66, 68, 68. నెల్లీ కోర్డాకి స్వర్ణం, రజతం కోసం మోనె ఇనామీ, లిడియా కో మధ్య ప్లేఆఫ్ (సమానంగా నిలిచినవాళ్ల మధ్య అదనపు ఆట), ఆ ఇద్దరి కన్నా ఒక్క స్ట్రోకు వెనక అదితి. నాలుగో స్థానం, చేతికి ఏమీ లేదు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడో రోజు 61 కొట్టి ఏడు స్ట్రోకుల ఆధిక్యంతో పడుకుంది. మర్నాడు 77. స్వర్ణం పోయి రజతం వచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే స్పెయిన్‌లో టైటిల్ గెలిచింది. అరవై ఒకటి కొట్టిన పిల్లా, డెబ్భై ఏడు కొట్టిన పిల్లా ఒకతే కదా. మధ్యలో ఒక్క రాత్రి.

ఇక ఆట సంగతి. మీ ఆయన పంపిన వీడియో చూశాను. రేంజిలో (సాధన మైదానంలో) బకెట్ మీద బకెట్ బంతులు డ్రైవరుతోనే (దూరం కొట్టే పెద్ద క్లబ్‌తోనే) కొట్టిస్తున్నాడు. ఆపమను. టోక్యోలో అదితి అందరికన్నా తక్కువ దూరం కొట్టేవాళ్లలో ఒకతి. అంతకుముందు కోవిడ్ వచ్చి బలం తగ్గింది కూడా. కోర్డా బంతి ఎక్కడో ముందుకెళ్లి పడేది. అయినా ప్రపంచ ర్యాంకుల్లో 200 దగ్గరున్న అమ్మాయి చివరి రోజుదాకా పతకం రేసులో ఉందంటే పట్టరు (బంతిని నేల మీద దొర్లించే క్లబ్) వల్ల, గ్రీన్ (గుంట ఉండే నున్నటి గడ్డి) చుట్టూ ఆడే చిన్న షాట్ల వల్ల. పార్ 72 అంటే పద్దెనిమిది హోళ్లకీ కలిపి 72 స్ట్రోకులు లెక్క, అందులో ప్రతి గ్రీన్ మీదా రెండు పట్‌లు లెక్క వేసే ఉంటారు. పద్దెనిమిది రెళ్లు ముప్పై ఆరు. సగం ఆట నేల మీద దొర్లే బంతిదే అన్నమాట. ఇంట్లో హాలు కార్పెట్ మీద గ్లాసు పడుకోబెట్టి మూడడుగుల దూరం నుంచి వరసగా వేయించు. తప్పితే మళ్లీ ఒకటి నుంచి లెక్క. పిల్లలకి అది ఆటలా ఉంటుంది, ఖర్చు లేదు, వాన పడినా ఆగదు.

సామాన్ల మీద డబ్బు తగలెయ్యకు. పద్నాలుగు క్లబ్బులు మించకూడదని రూలు, పద్నాలుగూ ఉండాలని కాదు. పాపకి ఏడు చాలు. పొడవు మాత్రం తన ఎత్తుకి సరిపోవాలి, మీ ఆయన పాత క్లబ్బులు కోసి ఇవ్వొద్దు.

కార్డు తనే సరిచూసుకోవడం ఇప్పట్నుంచే అలవాటు చెయ్యి. స్కోరు రాసేది ఇంకొకరు, సంతకం పెట్టి బాధ్యత పడేది తను. ఏ హోల్లోనైనా కొట్టినదానికన్నా తక్కువ పడి ఉండగా సంతకం పెట్టిందంటే పోటీ నుంచి బయటికే. నా బల్ల ముందు ఏడ్చిన పిల్లల్లో సగం మంది ఇందుకే ఏడ్చారు.

చదువు మాన్పించి ఓపెన్ స్కూల్లో వేద్దామా అన్నావు. ఇప్పుడే వద్దు. అదితి ఫ్రాంక్ ఆంథనీ స్కూల్లోనే చదువుతూ 2013లో ఆసియా యూత్ క్రీడలు, 2014లో యూత్ ఒలింపిక్స్, ఆసియా క్రీడలు అన్నీ అమెచ్యూర్‌గానే (ప్రైజ్‌మనీ కోసం కాకుండా) ఆడింది. మొరాకోలో లల్లా ఐచా టూర్ స్కూల్ (యూరప్ మహిళా ప్రొఫెషనల్ పోటీల్లో చోటు కోసం పెట్టే అర్హత పోటీ) గెలిచాకే 2016 మొదట్లో ప్రొఫెషనల్ అయింది. ఆ ఏడాదే గురుగ్రామ్‌లో మహిళల ఇండియన్ ఓపెన్ కూడా గెలిచింది. ఆ యూరప్ పోటీల వరసలో, అంటే లేడీస్ యూరోపియన్ టూర్‌లో, ఒక భారతీయురాలు గెలవడం అదే మొదలు.

డబ్బు సంగతి దాచను. ప్రొఫెషనల్ అయ్యాక రెండు రోజుల ఆట తర్వాత కట్ (ముందుకు వెళ్లడానికి పెట్టే స్కోరు గీత) దాటకపోతే మామూలుగా ప్రైజ్‌మనీ సున్నా. విమానం, హోటలు, క్యాడీ ఖర్చు మాత్రం జేబులోంచే. మీ ఫ్లాట్ లోన్ తీరకుండా ఆ దారిలో అప్పులు చెయ్యకండి. అలాగని ఇది డబ్బున్నవాళ్ల ఆటేనని ఎవరైనా అంటే ఒప్పుకోకు. 2009లో మగవాళ్ల ఇండియన్ ఓపెన్ గెలిచిన సి. మునియప్ప ఈ ఊళ్లో క్యాడీగా మొదలైనవాడే. గోల్ఫ్ క్లబ్ మెంబర్‌షిప్ కోసం పరుగులు తీసే ముందు రేంజిలో జూనియర్ ఫీజు ఎంతో కనుక్కో, మొదటి రెండేళ్లకి అది సరిపోతుంది.

కోచ్ అంటావా, మొదటి రోజే డ్రైవరు చేతికిచ్చేవాణ్ణి వదిలేసి గ్రీన్ దగ్గర నుంచి మొదలుపెట్టించేవాణ్ణి చూడు. పోటీకి వారం ముందు స్వింగ్ మార్చేవాళ్ల జోలికి పోకు. ఇద్దరు ముగ్గుర్ని నేను చూపిస్తాను, ఎంచుకునేది పాపే.

వచ్చే ఆదివారం ఎండెక్కకముందే రండి. బ్యాగు మొత్తం అక్కర్లేదు, పట్టరూ, దగ్గరి షాట్లకి ఒక వెడ్జీ చాలు. అల్లుణ్ణి కూడా తీసుకురా. ఆ రెండు క్లబ్బులూ నోరెత్తకుండా మొయ్యగలిగేది ఎవరో వచ్చేలోపు మీరిద్దరే తేల్చుకోండి.

ఇట్లు
మీ మామయ్య