గేమ్‌లో తేనె లెక్క మన చేలో కుదురుతుందా?

ప్రశ్న: నేను రెండెకరాల్లో పొద్దుతిరుగుడు వేశాను. ఫోన్‌లో స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం గేమ్ ఆడుతుంటాను. అందులో తేనెపెట్టె దగ్గర ఫెయిరీ రోజ్ మొక్క ఉంటే, గేమ్ డబ్బుల్లో 100 పలికే తేనె 680 పలుకుతుంది. నాలుగు రోజులకోసారి తీసుకోవచ్చు. చేలో 20 పెట్టెలు పెడితే లాభమేనా?
– యువ రైతు, నంద్యాల జిల్లా

జవాబు: తేనె విలువ పువ్వును బట్టి ఉంటుందని ఆ గేమ్ చెప్పింది నిజమే. పువ్వు ధరను రెండింతలు చేసి 100 కలుపుతారు కాబట్టి, 290 ధర ఉన్న ఫెయిరీ రోజ్‌తో 680 వస్తుంది. అదే పొద్దుతిరుగుడైతే 260. అయితే అక్కడ పువ్వు కోయకపోతే సీజన్ మారేదాకా అలాగే ఉంటుంది. మీ చేలో పూత రెండు మూడు వారాల్లో అయిపోతుంది.

అందుకని 20 పెట్టెలు వద్దు. ఎకరాకు 2 చొప్పున 4 పెట్టెలతో మొదలుపెట్టండి. ఇక అసలు లాభం గేమ్ లెక్కలో లేనిది. పొద్దుతిరుగుడుకు పరపరాగ సంపర్కం సరిగా జరగకపోతే పువ్వు మధ్యలో తాలు గింజలు మిగులుతాయి. దానికోసమే కదా, పొద్దున్నే చేతికి పలుచటి గుడ్డ చుట్టుకుని పువ్వు పువ్వునూ రుద్దమని చెబుతుంటాం! తేనెటీగలుంటే ఆ పని చాలావరకు అవే చేస్తాయి. ఈసారి పెట్టెలకు దగ్గరగా ఒక పువ్వు, దూరంగా ఒక పువ్వు కోసి, మధ్యలో గోటితో గింజలు నొక్కి చూడండి. తేనె అమ్మిన డబ్బుతో పాటు ఆ గింజ బరువునూ లెక్కలో వేసుకోండి.

మందుల విషయంలో మాత్రం టెన్షన్ పడాల్సిందే. గేమ్‌లో ఐదు గడుల లోపలి పువ్వులే లెక్క. నిజం ఈగలు కిలోమీటరు దాటి వెళ్తాయి, అంటే పక్కవాళ్ల చేలకు కూడా. పూత మీద పురుగుమందు కొట్టొద్దు. తప్పనిసరైతే ఈగలు గూటికి చేరాక, సాయంత్రం పొద్దుపోయాక కొట్టమని ఇరుగుపొరుగు రైతులను ముందే అడగండి.

నాలుగు రోజులకోసారి తీసే పద్ధతి ఇక్కడ పనికిరాదు. పెట్టె పైగదిలోని చట్రం ఎత్తి చూడండి. అందులో నాలుగింట మూడొంతుల తేనె అరలకు మైనం మూతలు పడి ఉండాలి. చట్రాన్ని మెల్లగా విదిలిస్తే మకరందం చుక్కలు రాలాయంటే అది ఇంకా పచ్చి తేనె, తీస్తే పులుస్తుంది. కింద ఈగల పిల్లలుండే గది జోలికి పోకండి. ఆ తేనె వాటి తిండి.

గేమ్‌లో చలికాలం తేనె ఆగిపోతుంది, పెట్టె ఊరికే ఉంటుంది. ఇక్కడ పూత లేని రోజుల్లోనూ ఈగలకు ఆకలేస్తుంది. అప్పుడు పంచదార పాకం పెట్టాలి, లేదా పెట్టెలను పూత ఉన్న చోటికి తరలించాలి. మీ చేను చుట్టూ వేప, కానుగ, చింత, మునగ ఏ నెలల్లో పూస్తాయో నెలవారీగా రాసి పంపండి. అది చూశాకే పెట్టెలు కొనాలో వద్దో చెబుతాను.