సైబర్ సెక్యూరిటీ డిగ్రీని ఆన్‌లైన్‌లో చదివితే ప్రయోగాలు ఎలా చేస్తారు?

కళాశాలకు వెళ్లకుండా ఈ చదువు సాగుతుందా అన్న సందేహం సహజమే. అయితే ఇక్కడ ప్రయోగశాల అంటే చాలావరకు కంప్యూటరే. వర్చువల్‌బాక్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు వర్చువల్ మెషీన్లు, అంటే కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు, నడపవచ్చు. ఒకదానిలో దాడి చేయడానికి కావలసిన సాధనాలతో వచ్చే కాలీ లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్, రెండోదానిలో కావాలనే లోపాలతో తయారుచేసిన మెటాస్ప్లాయిటబుల్. ఈ రెండోదాన్ని మాత్రం ఇంటర్నెట్‌కు తగలనివ్వకూడదు, అశ్రద్ధ పనికిరాదు.

ముందు ఎన్‌మ్యాప్ అనే స్కానింగ్ సాధనంతో ఆ రెండో మెషీన్‌లో ఏ పోర్టులు (నెట్‌వర్క్ నుంచి లోపలికి వెళ్లే ద్వారాలు) తెరిచి ఉన్నాయో చూస్తారు. తర్వాత 23వ పోర్టులో టెల్‌నెట్ (వేరే కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే పాత పద్ధతి) ద్వారా లాగిన్ అయి, నెట్‌వర్క్‌లో వెళ్లే డేటాను పట్టి చూపే వైర్‌షార్క్‌లో ఆ ప్యాకెట్లు (డేటా ముక్కలు) విప్పితే పాస్‌వర్డ్ అక్షరం అక్షరం బయటపడుతుంది. అదే పని, డేటాను రహస్య సంకేతంగా మార్చి (ఎన్‌క్రిప్ట్ చేసి) పంపే ఎస్‌ఎస్‌హెచ్‌తో చేస్తే మిగిలేది అర్థంకాని గజిబిజి. ఎన్‌క్రిప్షన్ ఎందుకో చెప్పడానికి నా దృష్టిలో ఇంతకు మించిన పాఠం లేదు.

8 జీబీ ర్యామ్‌తో నెట్టుకురావచ్చు, 16 ఉంటే హాయి. అసలు పరీక్ష ప్రోగ్రామింగ్, నెట్‌వర్కింగ్, ఆపరేటింగ్ సిస్టమ్స్ దగ్గర. హ్యాకింగ్ మోజుతో చేరినవారికి అవి చప్పగా అనిపిస్తాయి, కానీ తప్పవు. చేరేముందు డిగ్రీకి గుర్తింపు ఉందా, పరీక్షలు ఎలా పెడతారు, ల్యాబ్‌లో ఇరుక్కుపోతే అడగడానికి అధ్యాపకులు దొరుకుతారా అన్నవి కనుక్కోండి.