కొత్తింటికి కానుకా, బహుమతా?

సందేహం: మా స్నేహితుడు నిజాంపేటలో ఫ్లాటు కొన్నాడు. వచ్చే వారం గృహప్రవేశం. ఆఫీసులో మేం నలుగురం కలిసి పెంబర్తి ఇత్తడి పళ్ళెం ఒకటి తీసుకున్నాం. దాని మీద అంటించే చీటీలో 'బహుమతి' అని రాయాలా, 'కానుక' అని రాయాలా అని వాదన వచ్చింది. పైగా ఆహ్వాన పత్రిక అడుగున 'కట్నకానుకలు స్వీకరించబడవు' అని ఉంది. గృహప్రవేశానికి కట్నమేమిటని మా భీమవరం మిత్రుడు ఆశ్చర్యపోతే, అందులో వింతేముందని కరీంనగర్ మిత్రుడు అన్నాడు. ఎవరి మాట సరైనది?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

సమాధానం: ముందు కట్నం సంగతి తేల్చుకుందాం. అది తేలితే మిగతాది సులువు.

మీ కరీంనగర్ మిత్రుడు చెప్పిందే నిజం. శుభకార్యానికి వెళ్ళినవాళ్ళు ఇచ్చే డబ్బు, బట్టలు, గిన్నెలు, ఏవైనా సరే కట్నమే. తెలంగాణలో ఇప్పటికీ ఆ అర్థం పచ్చగా ఉంది. కోస్తాలో ఆ మాట మెల్లగా కుంచించుకుపోయి, పెళ్ళికొడుక్కి ఇచ్చే సొమ్ము దగ్గర ఆగిపోయింది. అందుకే మీ భీమవరం మిత్రుడు ఉలిక్కిపడ్డాడు. కానీ ఆయన కూడా ఒక్కసారి ఆలోచించాలి. 1961 నాటి చట్టాన్ని మనం 'వరకట్న నిషేధ చట్టం' అంటాం. కట్నానికి ముందు 'వర' అని ఎందుకు చేర్చాల్సి వచ్చింది? ఉత్త కట్నం అంటే అదొక్కటే కాదు కాబట్టి. ఆడపడుచు కట్నం అనే మాట గోదావరి జిల్లాల్లోనూ ఉంది కదా.

క్రితం శ్రావణంలో బోడుప్పల్‌లో ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. మెట్ల దగ్గర చిన్న టేబుల్, దాని మీద నాలుగు మూలలా పసుపు పూసిన పొడుగాటి పుస్తకం, దారంతో కట్టిన పెన్ను. కూర్చున్న పెద్దాయన నా కవరు అందుకుని, "కట్నం రాస్తున్న సారూ, ఏ ఊరని రాయాలె?" అని అడిగాడు. నేను చెబుతుంటే పైవరసల మీదికి చూపు పోయింది. పేరు, పక్కన ఊరు, దాని పక్కన అంకె. ఒకచోట అంకె బదులు 'బట్టలు' అని, ఇంకోచోట 'ఇత్తడి బిందె' అని ఉంది. రేపు వాళ్ళింట్లో ఫంక్షన్ అయితే ఈ పుస్తకం తీసి చూసి, దానికి తగ్గట్టు వీళ్ళు పెడతారు. అంటే కట్నంలో ఒక లెక్క ఉంది. లెక్క అంటే చిన్నతనం అనుకోకండి. ఒకరి ఖర్చుకు పదిమంది ఆసరా కావడానికి మన ఊళ్ళు పెట్టుకున్న పద్ధతి అది. కోస్తావాళ్ళ 'చదివింపులు' కూడా ఇదే. ఫలానా ఊరి ఫలానావారు నూటపదహార్లు అని పందిట్లో అందరికీ వినబడేలా చదివించేవాళ్ళు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు కవర్లు అంటించి ఇస్తున్నాం, పైకి చదివేవాళ్ళు లేరు, మాట మాత్రం నిలిచింది.

ఇక బహుమతి. సంస్కృతంలో దీనికి అర్థం వస్తువు కాదు, గొప్ప గౌరవం, ఎక్కువగా ఎంచడం. తెలుగులో అది గౌరవంతో ఇచ్చే వస్తువుకు పేరయింది. అయినా పాత వాసన పోలేదు. పరుగుపందెంలో మొదటి బహుమతి అంటాం. 1913లో టాగోర్‌కు వచ్చింది నోబెల్ బహుమతి. దాన్ని నోబెల్ కానుక అని ఎవరూ అనరు. ఏదో గెలిచినవాళ్ళకు, ప్రతిభ చూపినవాళ్ళకు దక్కేది బహుమతి. పుట్టినరోజు బహుమతి అని చాలామంది రాస్తున్నారు, అది తప్పని నేను అనను. వాడుకలో స్థిరపడింది. కానీ రెండు మాటలూ చేతిలో ఉన్నప్పుడు ఏది నప్పుతుందో చూసుకోవాలి.

నా మనసు మాత్రం కానుక వైపే. ఆ మాట పుట్టుక అంత చక్కనిది. కాను అంటే చూడు. కానరావడం, కానవచ్చు అన్నవి అందులోంచి వచ్చినవే. మన ముసలివాళ్ళు "కండ్లు కానొస్తలేవు" అంటారే, అదే కాను. చూడటానికి వెళ్ళినప్పుడు ఇచ్చేది కానుక. కన్నడంలో కాణికె, తమిళంలో కాణిక్కై, మూడూ అక్కచెల్లెళ్ళు. రాజును, దేవుణ్ణి, గురువును వట్టి చేతులతో చూడకూడదని పెద్దలు అనేవారు. అందుకే మొదట్లో కానుక కిందినుంచి పైకి వెళ్ళేది. హుండీలో వేసేవి నేటికీ కానుకలే. తర్వాత సంక్రాంతి కానుక, విద్యా కానుక అని ప్రభుత్వ పథకాలకు పేర్లు పెట్టాక అది పైనుంచి కిందికీ దిగింది. సమానుల మధ్య ఇచ్చుకోవడానికి ఇక అడ్డేముంది? పైగా గృహప్రవేశానికి మనల్ని పిలిచేదే "ఇల్లు చూసిపోదురు రండి" అని.

ఇక్కడ హైదరాబాదువాళ్ళకు ఒక మాట చెప్పాలి. నిజాం దర్బారులో అష్రఫీలు అనే బంగారు నాణేలు పెట్టి సమర్పించుకునే నజరు, నజరానా కూడా ఇలాగే 'నజర్' అంటే చూపు నుంచి వచ్చాయని కొందరు వివరిస్తుంటారు. వినడానికి బాగుంటుంది కానీ నిజం కాదు. అరబ్బీలో చూపుకు ఒక మాట, మొక్కుకు ఇంకో మాట. మధ్య అక్షరం వేరు. ఆ తేడా మన చెవికి అందదు. నజరానా ఆ మొక్కు మాటలోంచి వచ్చింది.

పత్రికలో 'స్వీకరించబడవు' అన్నది నాకు బాధ కలిగించే ప్రయోగం. ఇంటివాళ్ళు స్నేహితులతో మాట్లాడుతున్నట్టు లేదు, ఆఫీసు నోటీసులా ఉంది. మనం "అన్నం తినబడింది" అంటామా? 'కట్నకానుకలు తేవద్దని మనవి' అంటే ఎంత హాయిగా ఉండేది! ఆ వాక్యం ఉన్నా, పళ్ళెం తీసుకెళ్ళాలా వద్దా అని మీకు టెన్షన్ అక్కర్లేదు. ఇలా రాసేవాళ్ళు చాలావరకు వద్దనేది కవర్లను, ఆ పుస్తకాన్ని, తిరిగి పెట్టాల్సిన లెక్కను. అయినా అనుమానం ఉంటే ముందు ఒక ఫోన్ చేసి అడగండి. స్నేహితుడే కదా.

చీటీ మీద 'గృహప్రవేశ కానుక' అని రాయండి. గృహప్రవేశం ఒకటే మాట, మధ్యలో విడగొట్టకండి. సంస్కృతం పక్కన తెలుగు మాట చేరిందని సందేహించకండి, అది మిశ్ర సమాసం, వ్యాకరణం ఒప్పుకున్నదే. కింద 'శుభాకాంక్షలతో' అనండి. ఇల్లు కొన్నందుకైతే అభినందనలు, అందులో చల్లగా ఉండాలని కోరడానికైతే శుభాకాంక్షలు. ఇంకా కింద 'మిత్రబృందం' అని వదిలేయకుండా నలుగురి పేర్లూ రాయండి.