రాకెట్ చూడనీకి పోయే బిడ్డకు పెద్దమ్మ రాసేది

బిడ్డా,

నిన్న ఫోన్ల "పెద్దమ్మా, ఈసారి చిన్నోన్ని శ్రీహరికోట తీస్కపోయి రాకెట్ చూపిస్త" అన్నవు గదా, అప్పటికెల్లి నా మనసంత అక్కడ్నే ఉన్నది. మస్తు సంతోషమైంది. ఫోన్ల సగం చెప్పిన, సగం మర్చిపోయిన, అందుకే కూసోని రాస్తున్న. పొడుగైతది, ఓపికగ చదువు, అల్లునికి గూడ చదివి వినిపించు, ఎందుకంటే లీవు పెట్టేది ఆయన.

ముందుగాల లీవు ముచ్చటే చెప్త. లాంచ్ తారీఖుకు ముందొక రోజు, తర్వాత తక్కువల తక్కువ రెండు రోజులు చేతిల ఉంచుకోని పోవాలె. పొద్దున పోయి రాత్రి రైలెక్కొస్తం అంటే అది రాకెట్ చూసే ప్రయాణం కాదు. నేను ఈ మాట ఉత్తగ అంటలేను, నా మీద పడ్డది కాబట్టి అంటున్న.

2019 జులైల చంద్రయాన్-2 కు పోయినం నేను, మీ పెద్దబాపు, మా బడిల ఇద్దరు మేడమ్‌లు, వాళ్ల పిల్లలు, హన్మకొండల బండి మాట్లాడుకోని. అప్పటికి పబ్లిక్ కోసం లాంచ్ వ్యూ గ్యాలరీ తెరిచి మూడున్నర నెలలే, 2019 మార్చి 31 న తెరిచిండ్రు. లాంచ్ టైమ్ జులై 15 తెల్లారుగట్ల 2 గంటల 51 నిమిషాలకు, అంటే 14 రాత్రంత జాగారం. మేడారం జాతరకు పోయినట్టే ఉండె జనం, ముసలోళ్లు, చంటిపిల్లల తల్లులు, కాలేజీ పోరగాండ్లు, ఎవ్వరి కండ్లల్ల నిద్రలేదు. కౌంట్‌డౌన్ నడుస్తాంది, గంట లోపలికొచ్చింది, అందరం లేచి నిలవడ్డం, అప్పుడు 56 నిమిషాల 24 సెకన్ల కాడ గడియారం ఆగిపోయింది. ఏమైందో ఎవ్వరికీ సమజ్ గాలే. కొంచెంసేపటికి చెప్పిండ్రు, రాకెట్‌ల సాంకేతిక లోపం కనిపించింది, ఇయ్యాల లాంచ్ లేదు అని. మా పక్కన ఒక పిల్ల, ఏడెనిమిదేండ్లు ఉంటయి, వాళ్ల నాయిన భుజం మీదికెల్లి దిగకుండ "ఇంకొంచెంసేపు చూద్దం నాన్నా" అని అంటనే ఉన్నది. ఆ గొంతు నాకిప్పటికీ ఇనపడ్తది.

మాకేమో లీవులు లేవు, సోమవారం ఒక్కరోజే పెట్టుకోని పోయినం, డ్రైవరేమో ఇంకో కిరాయి ఉన్నదని తొందర. తెల్లారకముందే మర్లినం. సరిగ్గ వారానికి, 22 న మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలకు అదే రాకెట్ పోయింది. నేను తొమ్మిదో తరగతి క్లాసుల ఉన్న, పిల్లలకు చూపిద్దామని ఫోన్ల పెట్టిన, వాళ్లు చప్పట్లు కొడుతుంటే నేను బోర్డు దిక్కు తిరిగి కండ్లు తుడుచుకున్న. మల్లా అక్కడ నిలవడి చూసింది నాలుగేండ్లకు, రిటైరైనంక, 2023 జులై 14 న చంద్రయాన్-3 అప్పుడు. ఆ సారి మూడు రోజులు ఎక్కువ పెట్టుకోనే పోయినం.

వారమే ఆగుతదని గాదు, ఒక్కరోజు ఆగొచ్చు, రెండు నిమిషాలు ఆగొచ్చు. 2024 డిసెంబర్‌ల ప్రోబా-3 అనే యూరప్ వాళ్ల ఉపగ్రహం 4 తారీఖున పోవాల్సింది, ఉపగ్రహంల లోపం తెలిసి మర్నాడు 5 న పోయింది. అదే నెల 30 న స్పేడెక్స్ అనే మన ఇస్రో ఉపగ్రహాలను రాత్రి 9 గంటల 58 నిమిషాలకు పంపుతమన్నోళ్లు 10 గంటలకు పంపిండ్రు, పైన దారిల వేరే ఉపగ్రహాలు అడ్డమొచ్చే టైమని రెండు నిమిషాలు జరిపిండ్రు. ఇవన్నీ చిన్నోనికి ఇంటికాడ్నే చెప్పిపెట్టు. ఆపుడంటే ఓడిపోవుడు కాదు, తప్పు కిందనే దొరికింది కాబట్టి ఆపిండ్రు, పైకి పోయినంక దొరికితే చేసేదేమీ ఉండది అని. వానికి ఈ మాట ముందే తెలిసుంటే అక్కడ ఆగిపోయినా వాడు ఏడ్వడు, ఎందుకాపిండ్రని అడుగుతడు. అది నాకు కావాలె.

ఇగ రిజిస్ట్రేషన్. గ్యాలరీకి టికెట్ పైసలు లేవు, షార్ అంటే శ్రీహరికోటల రాకెట్లు పంపే ఇస్రో కేంద్రం, వాళ్ల వెబ్‌సైట్‌ల పేర్లు రాసుకోవాలె. లాంచ్‌కు కొద్దిరోజుల ముందు తెరుస్తరు, తెరిచిన కొన్ని నిమిషాల్ల నిండిపోతది, నేను కండ్లార చూసిన. ఆధార్ నంబర్లు, పేర్లు ముందే ఒక కాయితం మీద రాసిపెట్టుకో, ఆ టైముకు వెతుక్కుంట కూసోవద్దు. పోయేటప్పుడు ఆధార్ ఒరిజినలే పట్టుకపోవాలె, పేరు కార్డుల ఎట్లుంటే అట్లనే కొట్టాలె. బ్యాగులకు, సామానుకు ఏం రూల్స్ పెట్టిండ్రో ఆ పేజీల పూర్తిగ చదువు, అది మన వేయిస్తంభాల గుడి కాదు ఎట్లపడితే అట్ల లోపలికి పోవడానికి, దేశానికి చాన ముఖ్యమైన జాగ.

సీటు దొరకకపోతే ప్రయాణం మానుకోవద్దు. సూళ్లూరుపేట నుంచి షార్‌కు పోయే రోడ్డు పులికాట్ సరస్సు నడిమిట్లకెల్లి పోతది, రెండు దిక్కులా నీళ్లు, ఎండకాలమైతే తెల్లటి ఉప్పు నేల. పోలీసోళ్లు ఎక్కడిదాంక పోనిస్తే అక్కడ ఆగి చూడొచ్చు, ఊరోళ్లు డాబాల మీదికెక్కి చూస్తరు. ఆకాశం అందరిదే. గని మొదటిసారి, పిల్లగానితోని అంటే గ్యాలరీకే ప్రయత్నం చెయ్యి, అక్కడ పెద్ద స్క్రీన్లు ఉంటయి, ఏ దశల ఏమైతాందో మైకుల చెప్తరు.

రైలు సంగతి జర కష్టమే. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తరు, లాంచ్ తారీఖేమో మనకు రెండు మూడు వారాల ముందు తెలిస్తే గొప్ప, అప్పటికి మన వరంగల్ మీదికెల్లి చెన్నై పోయే బండ్లల్ల అంత వెయిటింగే. అందుకని తత్కాల్‌కు తయారుగ ఉండు, ముందురోజు ఏసీకి పది గంటలకు, స్లీపర్‌కు పదకొండు గంటలకు. సూళ్లూరుపేటల అన్ని బండ్లు ఆగయి, మంచిగ చూసుకో, ఆగకపోతే గూడూరుల దిగితే అక్కడ్నుంచి లోకల్ బండ్లు, బస్సులు దొరుకుతయి, లేదంటే చెన్నై దాంక పోయి అక్కడికెల్లి లోకల్ రైలెక్కి ఎనుకకు రావచ్చు. వరంగల్ నుంచి సుమారు 550 కిలోమీటర్లు. కార్ల పోతే ఖమ్మం మీదుగ విజయవాడ, అక్కడ్నుంచి 16వ నంబర్ హైవే తిన్నగ సూళ్లూరుపేట. అల్లుడు ఒక్కడే నడిపితే మాత్రం ఒంగోలులనో నెల్లూరులనో రాత్రి పండుకోండ్రి, పానాలకంటె రాకెట్ ఎక్కువ కాదు. సూళ్లూరుపేటల లాడ్జీలు కొన్నే, లాంచ్ తారీఖు వచ్చిన దినమే నిండుతయి, నాయుడుపేటల గాని గూడూరుల గాని చూసుకో.

ఇంకో ముచ్చట, మనోళ్లు చాన మంది దీన్ల దెబ్బతింటరు. మన కాడ దసరా దాటితే వానలు ఒడిసిపోయినట్టే, అందుకని నవంబర్ల ఆకాశం సాఫ్‌గ ఉంటదనుకుంటరు. అక్కడ ఉల్టా. ఆ నెల్లూరు, చెన్నై దిక్కు అసలు వానలు, తుపాన్లు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాంకనే. ఆ నెలల్ల పోతే గొడుగు కాదు, రెయిన్‌కోట్లు పట్టుకపో, గొడుగు ఇప్పితె ఎనుకోళ్లకు కనపడది. ఎండకాలం పోతే మన ఎండ వేరు అక్కడిది వేరు, మనది ఎండబెడ్తది, అక్కడ ఉప్పుగాలికి ఒళ్లంత చెమటతోని జిడ్డు. చిన్నోనికి టోపీ, కాటన్ అంగీలు. సకినాలు, అటుకులు పట్టుకపో, పులిహోర ఆ ఉక్కకు తొందరగ పాడైతది.

ఇప్పుడు అసలు దానికొస్త. ఏ రాకెట్ పోతాందో ముందే తెలుసుకో, దాన్ని బట్టి చిన్నోనికి ఏం చూడాల్నో చెప్పొచ్చు. పీఎస్ఎల్వీ అయితే 44 మీటర్ల ఎత్తు, 320 టన్నుల బరువు. చంద్రయాన్ తీస్కపోయిన ఎల్‌వీఎం3 ఎత్తు దాదాపు అంతే, 43.5 మీటర్లు, పద్నాలుగు అంతస్తుల బిల్డింగంత, గని బరువు 640 టన్నులు, రెండింతలు. దానికి పక్కకు రెండు లావు బూస్టర్లు ఉంటయి, ఒక్కొక్కదాన్ల 200 టన్నుల ఘన ఇంధనం. కింద మండేది ఆ రెండే. నడిమిట్ల ఇంజిన్లు నేల మీద అంటుకోవు, పైకి పోయినంక రెండు నిమిషాలకు కొంచెం ముందు అంటుకుంటయి. బూస్టర్లు రెండు నిమిషాలు దాటినంక ఊడిపోతయి, ఆకాశం సాఫ్‌గ ఉంటే అది చూడొచ్చు, చిన్న చుక్కలు పక్కకు జరిగినట్టు. తూర్పు తీరంల ఎందుకు కట్టిండ్రు అంటడు వాడు, తప్పకుండ అంటడు. భూమి పడమట నుంచి తూర్పుకు తిరుగుతది, ఆ దిక్కుకే పంపితే భూమి వేగం గూడ కలిసొస్తది, పైగ కింద సముద్రమే ఉంటది, ఊడినవి ఊర్ల మీద పడవు అని చెప్పు.

చివరి పది సెకన్లు ఫోన్ జేబుల పెట్టు. నేను బతిమాలి చెప్తున్న బిడ్డా. ఫోన్ల మంట ఉత్త తెల్లమచ్చ లెక్క పడ్తది, నీకంటె మంచిగ తీసిన వీడియో రాత్రికల్లా ఇస్రో వాళ్లే పెడ్తరు. చిన్నోన్ని మెట్ల మీద నీ ముంగట నిలవెట్టుకో, రెండు చేతులు వాని భుజాల మీద పెట్టు.

ముందుగాల వెలుగు కనపడ్తది. చెట్ల మీదికెల్లి ఒక్కసారిగ, పట్టపగలైనా కండ్లు చిట్లించేంత వెలుగు, పొగ రెండు దిక్కులా పొంగుతది, రాకెట్ లేస్తది. చప్పుడుండది! అదే మనసును పట్టేస్తది. అంత పెద్దది లేస్తాంది, నీకు ఇనపడేది పక్కనోళ్ల కేకలే. వెలుగు కనపడంగనే చిన్నోన్ని సెకన్లు లెక్కపెట్టమను, చప్పుడు మీ దాంక వచ్చేసరికి ఎన్నైనయో దాన్ని మూడుతోని భాగిస్తే లాంచ్‌ప్యాడ్ ఎన్ని కిలోమీటర్లున్నదో తెలుస్తది, ఎందుకంటే చప్పుడు ఒక కిలోమీటరుకు మూడు సెకన్లు తీసుకుంటది. ముప్పై ఏండ్లు బడిల ఈ పాఠం చెప్పిన, బోర్డు మీద ఎన్ని బొమ్మలేసినా పిల్లలకు ఎక్కనిది అక్కడ ఒక్క నిమిషంల ఎక్కుతది.

చప్పుడు వచ్చినంక అది చెవులకు కాదు, ఛాతికి తగుల్తది. మన ఉర్సు గుట్ట కాడ రంగలీల మైదానంల దసరానాడు రావణుని కాల్చినప్పుడు పటాకులు ఒక్కసారే అంటుకుంటయి చూడు, అట్ల పటపట పటపట, గని ఆగకుండ, కిందికెల్లి కాళ్లల్లకు ఎక్కుకుంట. చంద్రయాన్-3 అప్పుడు మీ పెద్దబాపు, ఎన్నడూ నలుగురిల నా చెయ్యి పట్టని మనిషి, నా చెయ్యి గట్టిగ పట్టుకున్నడు. మబ్బులల్లకు దూరిపోయినంక గూడ ఇడ్వలే. చుట్టూ తమిళపోళ్లు, మన ఆంధ్రోళ్లు, కన్నడపోళ్లు, అందరూ ఒక్కటే తీరుగ ఏడుస్తున్నరు, నవ్వుతున్నరు.

చిన్నపిల్లలు ఆ చప్పుడుకు బెదురుతరు, ముందే చెప్తే బెదరరు. నెట్‌వర్క్ ఆ టైముకు పనిచెయ్యది, తప్పిపోతే ఎక్కడ కలవాల్నో లోపలికి పోంగనే ఒక జాగ అనుకోండ్రి.

కనపడకుండ పోయినంక జనం లేచి బండ్ల దిక్కు ఉరుకుతరు. మీరు ఉరకద్దు. ఒకటి, ట్రాఫిక్ గంటలకొద్ది కదలది. రెండు, పని అప్పటికి ఒడువలేదు. చంద్రయాన్-3 రాకెట్‌కెల్లి విడిపోవడానికి 16 నిమిషాలు పట్టింది, అది మైకుల చెప్పినప్పుడు వచ్చిన చప్పట్లు లేచినప్పటి చప్పట్ల కంటె ఎక్కువ. 2025 మే 18 న పీఎస్ఎల్వీ-సీ61 మంచిగనే లేచింది, మొదటి రెండు దశలు మంచిగనే పనిచేసినయి, మూడో దశల లోపమొచ్చి ఉపగ్రహం దక్కలేదు. నేను టీవీల చూస్తున్న, కంట్రోల్ రూంల మొఖాలు ఎట్లయినయో చూసిన. అందుకే ఆఖరి మాట దాంక కూసుండండ్రి, ఏండ్లకొద్ది పనిచేసినోళ్ల గొంతు అది, మంచైనా చెడైనా ఇని లేవాలె.

లాంచ్ వాయిదా పడ్డా, లేకపోతే ముందురోజు ఖాళీ ఉన్నా లాడ్జీల కూసోవద్దు. సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి పోండ్రి, లాంచ్‌కు ముందు ఇస్రో పెద్దోళ్లు గూడ వచ్చి మొక్కుతరు. చలికాలమైతే నేలపట్టు పక్షుల కేంద్రానికి పోండ్రి, చెట్ల నిండ గూడబాతులు పిల్లలకు మేత పెట్టుకుంట కనపడ్తయి, పులికాట్‌ల గులాబీరంగు ఫ్లెమింగోలు నీళ్లల్ల నిలవడి ఉంటయి. మా చిన్నోడు పక్షులంటే పడిచస్తడు, వాడు రాకెట్ మర్చిపోయినా మర్చిపోతడు. ఇంకా రోజులుంటే శ్రీకాళహస్తి, తిరుపతి గూడ ఆ దిక్కే.

రిజిస్ట్రేషన్ ఏ రోజు తెరుస్తరో తెలియంగనే నాకు ఫోన్ చెయ్యి. నీ ఫోన్ల నువ్వు, ఇక్కడ నా ఫోన్ల నేను, ఇద్దరం ఒక్కసారే ప్రయత్నం చేద్దం. మీ ముగ్గురి ఆధార్ వివరాలు రాసి పంపు. సకినాలు నేనే చేసి పెడ్త, వరంగల్ స్టేషన్ల బండి ఎక్కే ముందు మీ పెద్దబాపు తెచ్చిస్తడు.

మీ పెద్దమ్మ
హన్మకొండ