గిటార్‌కి అలెన్ కీ (బోల్టులు తిప్పే ఆరు పలకల వంపు కడ్డీ) లేకుండా బిగించే లాకింగ్ నట్ దొరుకుతుందా?

దొరుకుతుంది కానీ అరుదు. లాకింగ్ నట్ అంటే గిటార్ మెడ చివర తీగలను బిగించి పట్టి శ్రుతి చెడకుండా చూసే భాగం. ఫ్లాయిడ్ రోజ్ అనే రకం నట్‌లో మూడు చిన్న దిమ్మలు ఉంటాయి, ఒక్కోటి రెండేసి తీగలను నొక్కి పట్టుకుంటుంది. వాటి బోల్టులకు 3 మి.మీ. అలెన్ కీ కావాలి. తీరా స్టేజీ ఎక్కాక అది కనిపించదు! 1980లలో చేత్తో తిప్పే లివర్ల రకాలు వచ్చాయి, ఇప్పుడు వెతికితే పాత సరుకులోనే కనిపిస్తాయి. బోల్టుల బదులు వేళ్లతో తిప్పే మరలు పెట్టుకోవచ్చు, మర సైజు కచ్చితంగా కలవాలి. అయితే వేళ్ల బలం చాలక ట్రెమోలో బార్ (తీగల బిగువు మార్చి స్వరాన్ని ఊపే కడ్డీ) గట్టిగా వంచితే తీగ జారొచ్చు.

నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది లాకింగ్ నట్ అసలు అవసరమా అన్నది. బార్‌ను కొద్దిగానే ఊపేవాళ్లకి వెనక గుండ్రటి మీట ఉండే లాకింగ్ ట్యూనర్లు (తీగను తమలోనే బిగించి పట్టే శ్రుతి బిరడాలు), నున్నటి గ్రాఫైట్ నట్ చాలు. శ్రుతి చెడేది ఎక్కువగా నట్ గాడిలో తీగ ఇరుక్కుని, తిరిగి మొదటి చోటికి రాకపోవడం వల్లే. ట్యూన్ చేసేటప్పుడు నట్ దగ్గర 'టిక్' మని వినిపిస్తే అదే. పెన్సిల్ ముక్కుతో గాడిలో రుద్ది చూడండి.

డైవ్ బాంబులు (బార్‌ను బాగా నొక్కి స్వరాన్ని ఒక్కసారిగా కిందికి దించడం) వేసేవాళ్లయితే మామూలు లాకింగ్ నటే ఉంచుకోండి. కీని గిటార్ తల (హెడ్‌స్టాక్) వెనక తగిలించే క్లిప్పులు అమ్ముతారు, నేను వాడేది అదే.