చిన్న కాలేజీ చూడ్డానికి వెళ్తే టూర్ అయిపోగానే కారెక్కేయకండి

అమెరికాలో ఉంటున్న ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి లెవెన్త్ గ్రేడ్. కంప్యూటర్ సైన్స్ ఇష్టం, వయొలిన్ కూడా వదలనంటోంది. పెద్ద యూనివర్సిటీలు వద్దు, లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు (ప్రధానంగా డిగ్రీ చదువు మీదే దృష్టి పెట్టే చిన్న కాలేజీలు) చూద్దాం నాన్నా అంటోంది. ఆ పేర్లేమో మా ఫ్రెండ్స్‌లో ఎవరూ వినలేదు. స్ప్రింగ్ బ్రేక్‌లో మూడు రోజుల్లో ఆరు కాలేజీలు చుట్టేద్దామనుకుంటున్నాం. వెళ్ళాక ఏం చూడాలి?"

ముందు ఆ ఆరుని మూడు చేయండి సార్. రోజుకి రెండంటే సగం రోజు డ్రైవింగ్‌కే పోతుంది, రాత్రికి ఏ లైబ్రరీ ఏ కాలేజీదో కూడా గుర్తుండదు. ఇంకోటి, మీ అమ్మాయికి సెలవులున్న వారమే ఆ కాలేజీకీ సెలవులేమో వాళ్ళ క్యాలెండర్ చూసుకోండి, ఎందుకంటే పిల్లలు లేని క్యాంపస్ ఏదైనా బాగానే కనిపిస్తుంది. శనివారం కూడా వద్దు, క్లాసులు జరిగే రోజే వెళ్ళండి.

పేరు గురించి టెన్షన్ అక్కర్లేదు. విలియమ్స్, స్వార్థ్‌మోర్, హార్వీ మడ్ మన పార్టీల్లో వినపడకపోవచ్చు గానీ, పీజీ అడ్మిషన్లు చూసే ప్రొఫెసర్లకి బాగా తెలిసిన పేర్లే.

మీరు నిజంగా తేల్చుకోవాల్సింది డిపార్ట్‌మెంట్ సంగతి. స్వార్థ్‌మోర్, గ్రినెల్ లాంటి చోట్ల కాలేజీ మొత్తం కలిపినా రెండు వేల మంది ఉండరు, హార్వీ మడ్‌లో అయితే వెయ్యి లోపే. పాఠం చెప్పేది ప్రొఫెసరే, ఆయనకి మీ అమ్మాయి పేరు తెలుస్తుంది, అది పెద్ద లాభం. కానీ ఆ ప్రొఫెసర్లే కొద్దిమంది అయినప్పుడు ఒకరు సబాటికల్ (పరిశోధన కోసం తీసుకునే పొడవైన సెలవు) మీద వెళ్తే ఒక అడ్వాన్స్‌డ్ కోర్సు ఆ ఏడాదికి లేనట్టే. కేటలాగ్‌లో అన్నీ ఉంటాయి, దాన్ని నమ్మకండి, గత రెండేళ్ళ క్లాస్ షెడ్యూళ్ళు తెరిచి చూడండి. అక్కడ సీనియర్లని "ఆపరేటింగ్ సిస్టమ్స్ ఆఖరిసారి ఎప్పుడు చెప్పారు? నువ్వు తీసుకోవాలనుకుని సీటు దొరకని కోర్సేది?" అని మీ అమ్మాయినే అడగమనండి. టూర్ గైడ్‌ని కాదు, పాపం ఆ పిల్లాడి పని కాలేజీని పొగడటం.

"మా దగ్గర లేకపోతే పక్క కాలేజీలో తీసుకోవచ్చు" అని చెప్తారు. నిజమే, కానీ ఎంత తేలికో మాత్రం చోటుని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో, హార్వీ మడ్ ఉన్న చోట, ఐదు కాలేజీలూ పక్కపక్కనే, నడిచి వెళ్ళిపోవచ్చు. మసాచుసెట్స్‌లో ఆమ్హెర్స్ట్, స్మిత్, మౌంట్ హోల్యోక్ మధ్య అయితే బస్సెక్కాలి. ఆ బస్సెక్కించి చూడండి, చలికాలంలో వారానికి రెండుసార్లు వెళ్ళగలదో లేదో తనకే అర్థమవుతుంది.

చదువు నడిచే వేగం కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. కార్ల్‌టన్‌లో పది వారాల టర్ములు ఏడాదికి మూడు. కొలరాడో కాలేజీలో ఒకసారికి ఒకే కోర్సు, మూడున్నర వారాల్లో ముగిసిపోతుంది. కొందరికి అది వరం, ఏదైనా నిదానంగా ఒంటబట్టించుకునే పిల్లలకి నరకం. ఒక క్లాసులో కూర్చుంటే కొంత తెలుస్తుంది, దానికి రెండు వారాల ముందే అడ్మిషన్స్ ఆఫీసుకి మెయిల్ పెట్టండి. క్లాసులో పిల్లలు ఒకరి మాటకి ఒకరు బదులు చెప్పుకుంటున్నారా, లేక అందరూ ప్రొఫెసర్ వైపే చూస్తున్నారా అన్నది తనని గమనించమనండి.

మీరు మాత్రం ఆ క్లాసుకి వెళ్ళకండి. డైనింగ్ హాల్లో కూడా వేరే టేబుల్ చూసుకోండి. మీరు పక్కనుంటే అక్కడి పిల్లలు మీతో మర్యాదగా మాట్లాడతారు, మీ అమ్మాయి ఏమీ అడగదు. శుక్రవారం రాత్రి ఏం చేస్తారు, ఊళ్ళో కారు లేకుండా బతకొచ్చా, మనవాళ్ళెంతమంది ఉన్నారు, ఇవన్నీ నాన్న లేనప్పుడే బయటికొస్తాయి. గ్రినెల్ లాంటి చోట నుంచి దగ్గర్లోని పెద్ద ఊరు డి మోయిన్ వెళ్ళాలంటే గంట ప్రయాణం, అది ముందే ఆలోచించుకోవాలి.

వయొలిన్ విషయం విడిగా అడగండి. మ్యూజిక్ మేజర్ కానివాళ్ళకి ప్రైవేట్ లెసన్స్ ఉన్నాయా, అదనపు ఫీజు ఎంత, ఆర్కెస్ట్రాలో చోటు దొరుకుతుందా అన్నది కాలేజీకో రకంగా ఉంటుంది.

డబ్బు సంగతి బయల్దేరకముందే చూసుకోండి. ఖర్చులన్నీ కలిపి ఏడాదికి 80,000 డాలర్లు దాటినవి వీటిలో చాలా ఉన్నాయి. ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ఉంటుంది, సాయం పోగా మీకు ఎంత పడుతుందో అంచనా చెప్తుంది, మీ ఆదాయం వేసి చూడండి. విలియమ్స్, ఆమ్హెర్స్ట్ మెరిట్ స్కాలర్‌షిప్పులు ఇవ్వవు, ఇచ్చేదంతా కుటుంబ అవసరాన్ని బట్టే. ఇద్దరి జీతాలూ బాగా ఉన్న ఇంట్లో ఈ ఒక్క ముక్కతోనే లిస్టు మారిపోవచ్చు.

వెళ్ళినప్పుడు అడ్మిషన్స్ ఆఫీసులో పేరు నమోదు చేయించుకోవడం మర్చిపోకండి, కొన్ని కాలేజీలు పిల్లల ఆసక్తిని కూడా లెక్కలోకి తీసుకుంటాయి. తీసుకుంటాయో లేదో ఆ కాలేజీ కామన్ డేటా సెట్‌లో (కాలేజీ తన అడ్మిషన్ల లెక్కలు బయటపెట్టే పత్రం) సీ7 అనే చోట ఉంటుంది. మిగిలిన మూడు కాలేజీలకి ఇప్పుడే పరిగెత్తక్కర్లేదు. సీటు వస్తే వచ్చే ఏడాది ఏప్రిల్‌లో, మే 1 లోపు డిపాజిట్ కట్టే ముందు, ఒక్క రాత్రి హాస్టల్లో ఉండనిస్తారేమో అడిగి తనని ఒక్కదాన్నే పంపండి.